చైర్మన్ ‘ఎన్నికయ్యారా’, ‘నియమితులయ్యారా’?

సందేహం: మా ఊరి పెద్ద వ్యాపారి ఒకాయన్ను ప్రభుత్వం మార్కెట్ కమిటీ చైర్మన్‌ను చేసింది. ఒక పత్రికలో ‘ఎన్నికయ్యారు’ అని, ఇంకొకదానిలో ‘ఎంపికయ్యారు’ అని, ఫ్లెక్సీల మీద ‘పదవి వరించింది’ అని రాసినారు. అమెరికాలో కోటీశ్వరులు మంత్రులుగా ‘నామినేట్’ అయినారని చదివినాం. ఎన్నికల్లో వేసేదీ నామినేషనే కదా! ఇవన్నీ ఒకటేనా? డబ్బున్న వ్యాపారులందరినీ ‘పారిశ్రామికవేత్తలు’ అనొచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: ఒకటి కావు. మార్కెట్ కమిటీ చైర్మన్ ఎన్నిక కాలేదు, ప్రభుత్వం ఆయన్ను నియమించింది. ఆ వార్తకు సరైన క్రియ అదే.

ఎన్ను, ఎంచు రెండూ అచ్చతెలుగు ధాతువులు. రెండింటికీ లెక్కించడం, తలచడం అనే అర్థాలు పాతవే. ఇప్పటి వాడుకలో మాత్రం దారులు వేరయ్యాయి. ఓటు హక్కున్నవాళ్లు పద్ధతి ప్రకారం తేలిస్తే ఎన్నిక. పలువురిలోంచి ఒకరిని ఏరితే ఎంపిక. ఉత్తర్వు ఇచ్చి పదవిలో కూర్చోబెడితే నియామకం. ఎంపికకు నియామకం తర్వాతి మెట్టు. కాబట్టి ఉత్తర్వు రాకముందు ‘పేరు ఖరారైంది’, ‘ఎంపిక చేశారు’ అనవచ్చు. జీవో వచ్చాక ‘నియమించింది’ అనాల్సిందే.

పదవి పేరును చూసి క్రియ వేస్తే పొరపాటు తప్పదు. మీ ప్రొద్దుటూరులోనే మున్సిపల్ చైర్మన్ ఉంటారు, మార్కెట్ కమిటీ చైర్మన్ ఉంటారు. మొదటివారిని కౌన్సిల్ ఎన్నుకుంటుంది, రెండోవారిని ప్రభుత్వం నియమిస్తుంది. పిలుపు ఒకటే, దారులు వేరు. కర్నూలు, అనంతపురం పట్టణాభివృద్ధి సంస్థల చైర్మన్లదీ నియామకమే. రాజ్యసభలో ఇద్దరు వ్యాపారులు పక్కపక్కనే కూర్చున్నా, ఒకరిని ఎమ్మెల్యేలు ఎన్నుకొని ఉండవచ్చు, ఇంకొకరిని రాష్ట్రపతి నామినేట్ చేసి ఉండవచ్చు. రాజ్యాంగం 80వ అధికరణం రాష్ట్రపతికి ఇచ్చిన స్థానాలు 12. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సమాజసేవల్లో ప్రత్యేక జ్ఞానమో అనుభవమో ఉన్నవారికి అవి. ఆ జాబితాలో వ్యాపారం లేదు. అందుకే వ్యాపారిని నామినేట్ చేసినప్పుడు ఆ నాలుగింటిలో ఏ అర్హత కింద తీసుకున్నారో వార్తలో ఒక వాక్యం ఉండాలి.

మంత్రుల విషయంలో ఈ తప్పు మరీ ఎక్కువ. ‘మంత్రిగా ఎన్నికయ్యారు’ అనే మాట ఎప్పుడూ చెల్లదు. ఎమ్మెల్యేగా ఎన్నికవుతారు, మంత్రిగా నియమితులవుతారు. ఏ సభలోనూ లేని వ్యాపారిని కూడా ముఖ్యమంత్రి సలహాపై గవర్నరు మంత్రిగా నియమించవచ్చు. 164(4) అధికరణం ప్రకారం ఆయన ఆరు నెలల్లోగా శాసనసభకో మండలికో సభ్యుడు కావాలి, లేకుంటే పదవి పోతుంది. ఇక ‘కేబినెట్ హోదా’ ఉన్న సలహాదారు మంత్రి కాడు. ఆయనకు హోదా మాత్రమే ఉంది, మంత్రివర్గంలో చోటు లేదు. ‘మంత్రి హోదా పొందారు’ అనే శీర్షిక పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. ‘కేబినెట్ హోదాతో సలహాదారుగా నియమించారు’ అని పూర్తిగా రాయడమే మేలు.

నామినేషన్ దగ్గరే అసలు చిక్కు. ఈ ఒక్క మాట మనకు మూడు పనులకు వస్తోంది. ఎన్నికల్లో వేసేది అభ్యర్థిత్వ పత్రం, దానివల్ల పోటీకి హక్కు వస్తుందే తప్ప పదవి రాదు. మన ‘నామినేటెడ్ పోస్టు’లో నామినేషన్ అంటే నియామకమే, దానితో పని పూర్తయినట్టే. అమెరికాలో మంత్రి పదవికి అధ్యక్షుడు నామినేట్ చేయడం ఈ రెండూ కాదు. అది ప్రతిపాదన. అక్కడి ఎగువసభ అయిన సెనేట్ విచారించి, ఓటు వేసి ఆమోదిస్తేనే నియామకం. 2025లో హోవర్డ్ లుట్నిక్ అనే ధనిక వ్యాపారి వాణిజ్య మంత్రి అయింది ఈ దారినే. అక్కడి వార్తకు తెలుగు చేసేటప్పుడు ‘పేరు ప్రతిపాదించారు’ అని, సెనేట్ ఓటు తర్వాత ‘నియామకానికి ఆమోదం’ అని రాయాలి. ఎలాన్ మస్క్ సంగతి వేరు. ఆయన పేరు సెనేట్‌కు వెళ్లనే లేదు. ఏడాదిలో 130 రోజులకు మించకుండా పనిచేసే ప్రత్యేక ప్రభుత్వోద్యోగిగా, అధ్యక్షుడి సలహాదారుగా 2025లో కొన్ని నెలలు ఉన్నారు. ఆయన్ను ‘మంత్రి’ అని రాసినవాళ్లు పొరబడ్డారు.

‘పదవి వరించింది’ అనేది ఫ్లెక్సీకి సరే, వార్తకు పనికిరాదు. పదవి తనంతట తాను నడిచి రాదు, ఎవరో ఇస్తారు. ఆ ఇచ్చినవారు వాక్యంలో కర్తగా కనిపించాలి. ‘నియమించబడ్డారు’ అన్నా అదే లోపం, పైగా తెలుగుకు సహజం కాని ‘బడు’ వాక్యం. ‘ప్రభుత్వం ఫలానావారిని నియమించింది’ అంటే ఎంత సూటిగా ఉంది! సీమలో జనం ‘ఆయప్పను చైర్మన్‌ను చేసినారు’ అంటారు. చేసినవాళ్లు వేరే ఉన్నారని ఆ పలుకులోనే తెలిసిపోతుంది. ‘కట్టబెట్టారు’లో అభిప్రాయం కలిసి ఉంది. సంపాదకీయంలో వాడండి, వార్తలో వద్దు.

రెండో ప్రశ్నకు: వేత్త అంటే తెలిసినవాడు. పరిశ్రమ పెట్టి నడిపేవారిని పారిశ్రామికవేత్త అనడం న్యాయం. తాడిపత్రిలో గ్రానైట్ పాలిష్ యూనిట్ నడిపేవారికి ఆ మాట తగుతుంది. రోడ్డు పనులు చేసేవారు గుత్తేదారు, ప్లాట్లు అమ్మేవారు స్థిరాస్తి వ్యాపారి. ఇది గౌరవం తగ్గించడం కాదు. పట్టణాభివృద్ధి సంస్థ పని స్థలాలతో, లేఅవుట్లతో ముడిపడి ఉంటుంది. ఆ సంస్థలో ప్లాట్ల వ్యాపారిని కూర్చోబెడితే ఆ సంగతి పాఠకుడికి తెలియాలి. ‘పారిశ్రామికవేత్త’ అంటే అది దాగిపోతుంది. డబ్బున్నవారికి పాత మాట మోతుబరి. దానికి మూలమైన అరబ్బీ పదానికి నమ్మదగినవాడని అర్థం. తెలుగులోకి వచ్చాక అది కలిగినవాడి పేరైంది.

ఇదే కోవలో మరొకటి: ప్రభుత్వోద్యోగులు కాని సభ్యులను ఉత్తర్వుల్లో ‘అనధికార సభ్యులు’ అంటున్నారు. అధికారం లేకుండా చేరినవాళ్లని అర్థం వచ్చే ప్రమాదం ఉంది. ‘ఉద్యోగేతర సభ్యులు’ అంటే ఆ చిక్కు ఉండదు. కలెక్టరులాగా కుర్చీ వల్ల సభ్యులయ్యేవారికి ‘పదవీరీత్యా సభ్యులు’ అనే మాట ఇప్పటికే స్థిరపడింది, దాన్నే వాడండి.