గ్రూపుతో జపాన్ వెళ్ళేవాడికి బాబాయ్ రాసేది

ఒరేయ్ నాన్నా,

నువ్వు పంపిన ప్రోగ్రాం చూశాను. టోక్యో, ఫుజి, క్యోటో, ఒసాకా. ఎవరైనా ఇదే వేస్తారు, అందులోనూ నీకిది మొదటి గ్రూపు, కాబట్టి తప్పు పట్టను. "బాబాయ్, అక్కడ ఫారినర్లంటే పడట్లేదంట కదా, మనవాళ్ళని ఏమైనా అంటారా?" అని అడిగావు చూడు, దానికి ఫోన్లో అవుననీ చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు వాళ్ళ బాధేంటో విను. జపాన్‌కి ఒక ఏడాదిలో కోటి మంది విదేశీ యాత్రికులు రావడం మొదటిసారి జరిగింది 2013లో. 2024లో 3 కోట్ల 68 లక్షల మంది వచ్చారు. 2025లో 4 కోట్లు దాటారు. యెన్ పడిపోయింది కాబట్టి మనకి చవక. అదే యెన్‌లో జీతం తీసుకునేవాడికి మాత్రం హోటల్ గది కూడా అందకుండా పోయింది. పైగా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నీ ప్రోగ్రాంలో ఉన్న ఆ నాలుగు చోట్లకే పోతారు. పుష్కరాలప్పుడు ఎలా ఉంటుందో రాజమండ్రి వాళ్ళని అడుగు. క్యోటోలో అవి పన్నెండు రోజులతో అయిపోవు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన ముసలమ్మ స్టాపులో నిలబడి ఉంటుంది. సిటీ బస్సేమో సూట్‌కేసులతో నిండిపోయి వస్తుంది. ఆవిడ ఎక్కలేక మళ్ళీ అక్కడే నిలబడుతుంది. ఆ కోపం రాజకీయాల్లోకీ పాకింది. 2025 జూలైలో ఎగువసభ ఎన్నికల్లో 'జపనీయులకే ముందు' అంటూ సాన్సెయితో పార్టీ 14 సీట్లు గెలిచింది. వాళ్ళ గొడవ ఎక్కువగా అక్కడ స్థిరపడే విదేశీయుల గురించే అయినా, మాటల వేడిలో పది రోజుల టూరిస్టునీ అదే గాటన కట్టేస్తున్నారు.

కాబట్టి మొదటి పని, సూట్‌కేసులు మనుషులతో పాటు తిరగకూడదు. హోటల్ రిసెప్షన్‌లో ఇస్తే మామూలుగా మర్నాటికి తర్వాతి ఊరి హోటల్‌కి చేర్చే కొరియర్లు ఉన్నాయి. ఆ ఖర్చు ప్యాకేజీలోనే కలిపెయ్యి. ఒక్క రాత్రికి సరిపడా చిన్న బ్యాగు చేతిలో ఉంటే చాలు. టోక్యో నుంచి క్యోటో వెళ్ళే షింకన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకి ముందే ప్రత్యేకంగా సీటు బుక్ చెయ్యాలి. మనవాళ్ళ పెట్టెల్లో సగం దాటతాయి, పచ్చళ్ళు పెట్టాలి కదా.

ఇక తిండి. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి, మెల్లగా చదువు. క్యోటోలో ఎనిమిది కుర్చీల హోటలు ఉంటుంది, ఒక్కడే వండి ఒక్కడే వడ్డిస్తాడు. నువ్వు తలుపు తీయగానే రెండు చేతులూ గుండె ముందు ఇంటూ మార్కులా అడ్డం పెట్టి చూపిస్తాడు. మనవాళ్ళకి అది చెంపదెబ్బ కొట్టినట్టుంటుంది. అతని వైపు నుంచి చూడు. బయట ఇరవై మంది, లోపల ఎనిమిది కుర్చీలు. పైగా మనం చేప వద్దంటాం. అతను చేప ముక్క తీసెయ్యగలడు. కానీ కూరగాయల పులుసులో, నూడుల్స్‌లో, ఆఖరికి ముంచుకునే సాస్‌లో కూడా దాషి ఉంటుంది, ఎండుచేప చెక్కులతో కాచిన రసం. అది తీసేస్తే అతని దగ్గర పెట్టడానికి అన్నం తప్ప ఏమీ మిగలదు. చేప లేదని అబద్ధం చెప్పి పెట్టలేడు, అందుకే వద్దంటాడు. అదే రెండు వారాల ముందు జపనీస్‌లో రాసి పంపి, ఎంతమందిమో, ఏం తినమో, ఏ టైముకి వస్తామో చెప్పావనుకో, చాలా చోట్ల సముద్రపు నాచుతో విడిగా రసం కాచి పెడతారు. చేతులు అడ్డం పెట్టిన ఆ మనిషే గుమ్మం దాకా వచ్చి సాగనంపుతాడు. బుక్ చేసి రాకపోతే మాత్రం అతనికి ఆ పూట బేరం పోయినట్టే. ఆ మచ్చ నీ తర్వాత వచ్చే ప్రతి ఇండియన్ గ్రూపు మీదా పడుతుంది.

టేబుల్ మీద కందిపొడి ప్యాకెట్ విప్పనివ్వకు. బయటి తిండి తెచ్చుకోవడం అక్కడి హోటళ్ళలో మామూలుగా ఒప్పుకోరు. పొడులూ ఆవకాయా గదిలోనే.

క్యోటోలో గెయిషాల పేట గియోన్. గెయిషాలంటే ఆటపాటలతో అతిథుల్ని అలరించే కళాకారిణులు. అక్కడ కొన్ని టీహౌసుల్లోకి తెలిసినవాళ్ళ పరిచయం లేకుండా ఎవరినీ రానివ్వరు. టోక్యో కోటీశ్వరుడైనా బయటే. దాన్ని మన మీద చిన్నచూపు అనుకుని ఫీలవకండి. అక్కడి సందుల్లో 'ప్రైవేటు దారి, లోపలికి వస్తే 10,000 యెన్ జరిమానా' అని 2024 నుంచి బోర్డులున్నాయి. పనికి వెళ్ళే గెయిషాల వెంట ఫొటోలకి పరిగెత్తడం వల్ల వచ్చిన తంటా అది. ఫుజి దగ్గర కవాగుచికోలోనూ అంతే. కిరాణా కొట్టు వెనక కొండ కనిపించే ఫొటో కోసం జనం రోడ్డు మధ్యలో నిలబడుతుంటే 2024 మేలో ఊరివాళ్ళు నల్ల తెర కట్టేశారు. ఆగస్టులో తీసేశారులే. తీశారు కదా అని మళ్ళీ రోడ్డెక్కొద్దు.

టికెట్ ధరల మీద కూడా నిన్ను అడుగుతారు. ఒసాకాకి పడమరనున్న హిమెజి ఊళ్ళో కోటకి 2026 మార్చి నుంచి 2,500 యెన్, ఆ ఊరివాళ్ళకి 1,000. మొదట విదేశీయులకే పెంచుదామని మేయర్ అన్నాడు గానీ, చివరికి ఊరివాళ్ళు, బయటివాళ్ళు అని తేల్చారు. టోక్యో నుంచి వచ్చినవాడూ 2,500 ఇవ్వాల్సిందే.

అలాగని అంతా మన అపార్థమే అని సర్దిచెప్పకు. ఉత్తరాన ఒటారు అనే రేవు ఊళ్ళో ఒక స్నానశాల 'జపనీయులకు మాత్రమే' అని బోర్డు పెట్టింది. రష్యన్ నావికులు తాగి గొడవ చేశారని వాళ్ళ వాదన. అమెరికాలో పుట్టి జపాన్ పౌరసత్వం తీసుకున్న మనిషిని కూడా, ముఖం చూసి, లోపలికి రానివ్వలేదు. 2002లో సప్పోరో కోర్టు అది వివక్షేనని నష్టపరిహారం ఇప్పించింది. అలాంటి బోర్డు నీకూ ఎక్కడో ఒకచోట కనపడొచ్చు. అక్కడ గ్రూపు ముందు వాదనకి దిగకు, పక్క కొట్టుకి తీసుకెళ్ళు. హోటల్ గది సంగతి వేరు. విదేశీయుడివని గది ఇవ్వననడానికి చట్టం ఒప్పుకోదు, గట్టిగా అడుగు. పాస్‌పోర్టు కాపీ తీసుకోవడం మాత్రం మామూలే. ఇంకోటి, రైల్లో జనం నిలబడి ఉన్నా మన పక్క సీటు ఖాళీగా ఉండిపోవచ్చు. ఇన్నేళ్ళుగా జపాన్‌లోనే ఉంటున్నా నాకూ ఇప్పటికీ అవుతుంది, ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ముందే చెప్పి ఉంచు, పెద్దవాళ్ళు మనసు కష్టపెట్టుకోకుండా. రైల్లో ఈ చివర నుంచి "అందరూ ఎక్కారా" అని కేకెయ్యకు, వాట్సాప్ ఉంది.

నా మాట విని ఒసాకాలో ఒక రాత్రి తగ్గించి కోయాసాన్‌కి, బౌద్ధ గుళ్ళున్న కొండకి, వెయ్యి. ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి రైలు, ఆ పైన కేబుల్ కారు. గుళ్ళలోనే బస. భోజనంలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వెయ్యరు. ఉల్లి ముట్టని మీ పెద్దవాళ్ళకి టూరు మొత్తం మీద ప్రశ్నలడక్కుండా తినే భోజనం అదొక్కటే. సామూహిక స్నానం దగ్గర మాత్రం బయట ఒళ్ళు రుద్దుకుని కడుక్కున్నాకే తొట్టెలో దిగాలని వెళ్ళేముందే చెప్పు. వచ్చే ఏడాది రెండో గ్రూపు వేస్తే షికోకు దీవి వైపు, అక్కడి మత్సుయామా ఊరు పెట్టు. అక్కడ గదులు దొరుకుతాయి, నీ గ్రూపు వల్ల ఎవరి బస్సూ నిండిపోదు. ఆ దీవిలో ఉడాన్ అనే లావు నూడుల్స్ రసం కూడా చేపతోనే కాస్తారు, అదీ రాసుకో.

ఈ ఆదివారంలోగా తిండి లిస్టు పంపు. గుడ్డు తినేవాళ్ళు, తిననివాళ్ళు, ఉల్లి మానేసినవాళ్ళు వేర్వేరుగా రాయి. 'ప్యూర్ వెజ్' అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు. నేను జపనీస్‌లోకి మార్చి హోటళ్ళకి పంపిస్తాను.

మీ బాబాయ్