పండుగకు అప్పు చేయాలా?

ప్రశ్న: మా వారు మెకానిక్, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. డిసెంబరు వస్తోందంటేనే నాకు గుండె దడ మొదలవుతుంది. పిల్లలకు కొత్త బట్టలు, ఇంటికి రంగులు, నక్షత్రం, సీరియల్ లైట్లు, కేకులు, బంధువులకు బిర్యానీ. వీటికోసం కిందటేడు నూటికి రెండు రూపాయల వడ్డీకి 30,000 తెచ్చాము. అసలు ఇంకా తీరలేదు. ఈసారి పండుగే మానేద్దామంటే, చర్చిలో తలెత్తుకోలేమని ఆయన అంటున్నారు. డబ్బు లేకుండా క్రిస్మస్‌కు అర్థం ఉంటుందా? 
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం. 30,000కు నెలకు 600 చొప్పున ఏడాదికి 7,200 రూపాయలు వడ్డీకే పోతాయి. ఒక్క రాత్రి వెలుగుల కోసం పన్నెండు నెలలు కట్టే ఈ సొమ్ముతో మీ పిల్లలకు పండుగ బట్టలు వచ్చి, ఇంకా మిగిలేది.

తలెత్తుకోవడం గురించి మీ వారు అన్న మాటను నేను కొట్టిపారేయను. అయితే చర్చిలో ఏటా చదివే లూకా సువార్త రెండో అధ్యాయాన్ని పశువుల తొట్టి దగ్గర ఆపేయకుండా ఇంకొంచెం ముందుకు చదవమని ఆయనతో చెప్పండి. శిశువును తీసుకుని మరియ, యోసేపులు యెరూషలేము దేవాలయానికి వెళ్లినప్పుడు అర్పించవలసిన బలిగా అక్కడ గువ్వల జత, లేదా రెండు పావురపు పిల్లలు అని ఉంటుంది. లేవీయకాండము పన్నెండో అధ్యాయం ప్రకారం బాలింత తేవలసినది ఒక గొర్రెపిల్లను, ఒక పక్షిని. గొర్రెపిల్లను కొనే స్తోమత లేని తల్లికి మాత్రమే రెండు పక్షులతో సరిపెట్టుకునే వెసులుబాటు ఉంది. అంటే ఆ దంపతులు పేదల వరుసలో నిలబడి పేదల అర్పణే ఇచ్చారు, గొర్రెపిల్ల కోసం అప్పు చేసినట్టు సువార్త చెప్పదు. వృద్ధుడైన సుమెయోను ఆ పక్షుల ఖరీదు అడగకుండానే బిడ్డను చేతుల్లోకి తీసుకుని దేవుణ్ణి స్తుతించాడు.

పండుగను పూర్తిగా మానడం కూడా నాకు సమ్మతం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు అనే కఠిన నియమాల క్రైస్తవులు 1659లో క్రిస్మస్ ఆచరణను నిషేధించి, జరుపుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681లో ఆ చట్టాన్ని రద్దు చేయక తప్పలేదు. పైగా మన పల్లెల్లో కూలి చేసుకుని బతికిన ఎన్నో క్రైస్తవ కుటుంబాలకు ఏడాది మొత్తంలో కొత్త గుడ్డ కట్టే రోజు క్రిస్మస్ ఒక్కటే. ఒకే తానులోంచి అన్నకు చొక్కా, చెల్లికి గౌను కుట్టించి, మిగిలిన ముక్కతో చంటిదానికి జుబ్బా కుట్టించిన తల్లులను వస్తువ్యామోహంలో పడ్డారని ఎవరూ అనలేరు. ఆ గుడ్డ వారికి గౌరవం. కడుపు నిండినవారు వేదికలెక్కి ‘ఆడంబరం వద్దు’ అని లేనివారికి బోధించడం వింటే నాకు చికాకు కలుగుతుంది.

కాబట్టి బట్టలు ఉండనివ్వండి. కుట్టే చేయి మీదే కనుక కూలి ఖర్చు కూడా లేదు. పోవలసినవి ఇతరుల కళ్ల కోసం చేసే ఖర్చులు: ఏటా వేసే రంగులు, పక్కింటి నక్షత్రం కంటే పెద్ద నక్షత్రం, సగం తిని పారేసే బిర్యానీ. ఆ మాట పిల్లలతో నవంబరులోనే, అప్పు సంగతితో సహా చెప్పండి. పండుగ ముందురోజు చెబితే అది వారికి శిక్షలా వినిపిస్తుంది.

ఇక అర్థం సంగతి. ఇటలీలోని గ్రేచో అనే ఊళ్లో 1223లో అసిసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఎండుగడ్డి పరిచిన తొట్టిని, ఎద్దును, గాడిదను పెట్టి క్రిస్మస్ ఆరాధన జరిపించాడు. చుట్టుపక్కల జనం కొవ్వొత్తులు, దివిటీలు పట్టుకుని వచ్చారు. ఆ రోజున ధనవంతులు ఆకలిగొన్నవారికి కడుపునిండా పెట్టాలనీ, ఎద్దులకూ గాడిదలకూ మామూలుకంటే ఎక్కువ మేత వేయాలనీ ఆయన కోరుకున్నాడని అతని జీవితచరిత్ర రాసిన చెలానో థామస్ చెబుతాడు. ఖర్చు ఉండకూడదని ఆయన అనలేదు, అది ఎవరి కంచంలోకి వెళ్లాలో చెప్పాడు. మీ వీధిలో పిల్లలు దూరదేశాల్లో ఉండగా ఒంటరిగా పండుగ చేసుకునే ముసలివారు ఎవరో ఒకరు ఉంటారు. బంధువుల పంక్తిలో వారికో ఆకు వేయండి. క్యారల్స్‌కు వెళ్లే యువకులతో, కానుక ఎక్కువిచ్చే మేడల దగ్గరే ఎక్కువ పాటలు పాడకుండా, మంచం పట్టినవారి గుమ్మం ముందు ఇంకో కీర్తన పాడమని చెప్పండి.

ప్రశ్న: మేము హిందువులం. మా అపార్ట్‌మెంటులో అందరి పిల్లలకూ శాంటా బహుమతులు వస్తున్నాయని మా బాబు ఖరీదైన బొమ్మ అడుగుతున్నాడు. ఏం చెప్పాలి? 
— ఒక తండ్రి, హైదరాబాదు

జవాబు: శాంటా వెనుక ఉన్న నికొలస్ నాలుగో శతాబ్దంలో, నేటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి బిషప్పు. కట్నం ఇవ్వలేని తండ్రి ఇంట్లోకి, ముగ్గురు ఆడపిల్లల కోసం, రాత్రివేళ ఎవరికీ తెలియకుండా బంగారం మూటలు విసిరాడని ఆయన గురించి కథ ఉంది. బాబుకు అది చెప్పి, ఈసారి శాంటా వాడే కావాలని అడగండి. మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పిల్లలకు ఏం కావాలో కనిపెట్టి, పేరు చెప్పకుండా వారి గుమ్మంలో పెట్టి రావడం పిల్లవాడికి బొమ్మకంటే తక్కువ సరదా కాదు. సెలవు దొరికితే మెదక్ చర్చికి తీసుకెళ్లండి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే బ్రిటిష్ మిషనరీ కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేలా కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. పండుగనాడు అన్ని మతాలవారూ వస్తారు కాబట్టి పొద్దున్నే బయలుదేరండి, తర్వాత లోపలికి అడుగు పెట్టడమే కష్టం.