యాంటీవైరస్ వద్దు, హార్డ్‌డిస్క్ కొనండి

ఇంటి కంప్యూటర్‌లోని ఫైళ్లు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు గుంజే ప్రోగ్రామ్) పాలు కాకుండా ఏ యాంటీవైరస్ కొనాలని అడిగారు. ఏదీ కొనకండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటికి చాలు. ఆ డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొని, ఫైళ్లు ఎక్కించగానే కేబుల్ పీకి బీరువాలో పెట్టండి.

మిర్యాలగూడలో మా బావగారికీ హార్డ్‌డిస్క్ ఉండేది. కాకపోతే ఏడాది పొడవునా కంప్యూటర్‌కు తగిలించే ఉండేది. మేనల్లుడు వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ ఒకటి దింపాడు. ముందు డిఫెండర్‌ను ఆపేయమని అందులోనే రాసి ఉందట. వీడు భక్తిగా ఆపేశాడు. సాయంత్రానికి ఒక్క ఫొటో తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరుకూ కొత్త తోక, ప్రతి ఫోల్డర్‌లో ఒక ఉత్తరం: 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు కడితే సగమే, 490. ఆషాఢంలో చీరల దుకాణాలు కూడా ఇంత ఉదారంగా తగ్గించవు! హార్డ్‌డిస్క్‌లోనూ అదే ఉత్తరం. 2016 కృష్ణా పుష్కరాలకు వాడపల్లి సంగమంలో అత్తయ్యతో దిగిన ఫొటోలు అందులోనే ఉన్నాయి.

బావగారు డబ్బు కట్టడానికి సిద్ధపడ్డారు, అక్క కట్టనివ్వలేదు. మంచి పని చేసింది. స్టాప్ అనే ఈ రకం రాన్సమ్‌వేర్ ప్రతి ఫైలులో మొదటి 150 కేబీకే తాళం వేస్తుంది కాబట్టి పెద్ద వీడియోలు కొన్ని రిపేరు చేస్తే ఆడాయి. ఫొటోలు మాత్రం దక్కలేదు.

నా కోపమల్లా కంప్యూటర్లు బిగించేవాళ్ల మీద. ఒకే పెన్‌డ్రైవ్‌తో ఊరందరికీ దొంగ విండోస్ ఎక్కించి, అప్‌డేట్లు ఆపేసి, "ఇక స్పీడే స్పీడు సార్" అంటారు. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడే నాటికి, అది దూరిన కంత పూడ్చే అప్‌డేట్ వచ్చి రెండు నెలలైంది! ఇప్పుడు విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది.

క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని ధీమా పడకండి. తాళం పడిన ఫైలు కూడా నిమిషాల్లో అక్కడికి చేరుతుంది. పాత వెర్షన్లు దాచే సదుపాయం ఉందో లేదో ముందే చూసుకోండి. డిఫెండర్‌లో ముక్కూమొహం తెలియని ప్రోగ్రాములను మీ ఫైళ్ల మీద చెయ్యి వేయనివ్వని 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి. ఇప్పటికే దెబ్బ తగిలి ఉంటే నెట్ తీసేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తాళం పడిన ఫైళ్లను చెరిపేయకండి. 'నో మోర్ రాన్సమ్' సైట్‌లో ఉచిత తాళంచెవులు అప్పుడప్పుడూ కొత్తవి చేరుతుంటాయి.