95 శాతం గురి కూడా తప్పుతుందా?

టెక్ సందేహాలు

పరీక్షలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి. అనంతపురంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే క్లాక్ టవర్ దగ్గర కూడా జనం పలచబడుతున్నారు. అందరూ ఫ్యాన్ల కింద చేరి గేములాడుతున్నట్టున్నారు. ఈ వారం ప్రింటర్ గురించి గానీ, ఫోన్‌లో స్టోరేజీ నిండిపోవడం గురించి గానీ ఒక్క ప్రశ్నా రాలేదు. వచ్చినవన్నీ జట్టుగా పోరాడే గేముల గురించే. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పొడుగైంది. నాకూ ఆ పిచ్చి ఉంది మరి.

ప్రశ్న: బెంగళూరులో ఉన్న మా అన్న చెబితే ఎక్స్‌కామ్ 2 కొన్నాను. సైనికుల జట్టును నడిపిస్తూ, ఒక్కో వంతు (టర్న్) చొప్పున గ్రహాంతరవాసులతో పోరాడే గేమ్ అది. వెటరన్ స్థాయిలో ఆడుతున్నా. ఒకే మిషన్ అయిదుసార్లు పోయింది. మొన్న శత్రువు పక్కనే నిలబడి కాల్చాను. తగిలే ఛాన్స్ 95 శాతం అని చూపించి కూడా గురి తప్పింది. తర్వాతి టర్న్‌లో నా మంచి సైనికుడు చచ్చిపోయాడు. గేమ్ మోసం చేస్తోందా? ఇంత ఏడిపించే ఆటను జనం ఎందుకు ఇష్టపడతారు?
బీటెక్ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: మోసం చేస్తోంది. కాకపోతే మీ పక్షాన. ఎక్స్‌కామ్ 2లో రూకీ, వెటరన్, కమాండర్, లెజెండ్ అని నాలుగు స్థాయిలున్నాయి. కింది స్థాయిల్లో మీవాళ్లు వరసగా గురి తప్పుతుంటే, తెర మీద కనిపించే అంకె కన్నా కాస్త ఎక్కువ ఛాన్స్‌ను గేమ్ చెప్పకుండా కలుపుతుంది. లెజెండ్‌లో ఆ దయ ఉండదు. అంటే మీరు ఓడిపోతున్నది సాయం అందుతూనే. కోపం తెచ్చుకోకండి, నేనూ అక్కడి నుంచే వచ్చాను.

95 అనే అంకె కనబడగానే మన బుర్ర దాన్ని ‘ఖాయం’ అని చదువుకుంటుంది. లెక్క వేరు. ఆ సాయం సంగతి పక్కన పెట్టి, 95 శాతం ఛాన్స్‌తో 20 సార్లు కాలిస్తే వాటిలో ఒక్కటైనా తప్పే అవకాశం 64 శాతం. ఒక మిషన్‌లో 20 తూటాలు ఇట్టే అయిపోతాయి. ఛాన్స్ 85 శాతమే అయితే ఆరు తూటాలకే 62 శాతం. కాబట్టి ‘ఎందుకు తప్పింది’ అని అడగడం కన్నా ‘తప్పితే నా వాడి గతేంటి’ అని కాల్చకముందే అడగాలి. ఈ ఆట మీకు నేర్పాలని చూస్తున్నది అదొక్కటే.

మీ ఉత్తరంలో ‘పక్కనే నిలబడి’ అన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం వచ్చింది. గురి తప్పినందుకు మీ సైనికుడు చనిపోలేదు. అడ్డం లేని చోట నిలబడినందుకు చనిపోయాడు. ఈ గేములో సగం ఎత్తు గోడ చాటున ఉంటే ఎదుటివాడి గురిలో 20 కోత పడుతుంది, నిలువెత్తు గోడ చాటునుంటే 40. పక్క నుంచి వచ్చి కాలిస్తే ఆ కోత మొత్తం పోతుంది, పైగా దెబ్బ గట్టిగా తగిలే ఛాన్స్ పెరుగుతుంది. దగ్గరికెళ్లి 95 తెచ్చుకోవడానికి మీరు గోడ వదిలేశారు. అదే టర్న్‌లో ముందు ఇంకొకడితో గ్రెనేడ్ వేయించి ఉంటే? గ్రెనేడ్ గురి తప్పదు, వాడు దాక్కున్న గోడ కూడా కూలుతుంది. ఆ తర్వాత దూరం నుంచి స్నైపర్ పని ముగించేవాడు. మనుషులు వాళ్లే, ఆయుధాలు అవే. ఎవరు ముందు, ఎవరు వెనక అనే వరస మారిందంతే.

మన వైపు ఇది కొత్త విద్యేం కాదు. రచ్చబండ మీద బొగ్గుతో గీసి ఆడే పులి-మేక గుర్తుందా? మూడు పులులు, పదిహేను మేకలు. పులి బలం పులిదే, ఒక్క మేక దాన్నేమీ చేయలేదు. కానీ పులి అన్ని మేకలనూ తినలేదు, వెనక గడి ఖాళీగా ఉన్న మేకనే దూకి తింటుంది. వెనక ఇంకో మేక నిలబడి ఉంటే పులి ఊరికే చూస్తూ ఉండాల్సిందే. చివరికి మేకలన్నీ చేరి పులిని కట్టేస్తాయి. మా తాత మేకల పక్షమే తీసుకునేవాడు. పులితో గెలవడం ఎవరికైనా వస్తుంది అనేవాడు. ఎక్స్‌కామ్‌లో మీరు ఎప్పుడూ మేకల పక్షమే.

ఇక, ఎందుకు ఇష్టపడతారంటే. ఈ గేములో చచ్చిన సైనికుడు తిరిగి రాడు. మిషన్ మీద మిషన్ చేసి పైకొచ్చినవాడు పోతే వాడి అనుభవం మొత్తం వాడితోనే పోతుంది, మళ్లీ ఓ కొత్త కుర్రాడిని మొదట్నుంచీ తయారు చేసుకోవాలి. పైగా సైనికుల పేర్లు మార్చుకోవచ్చు. ఇక్కడే నేను ఓ పొరపాటు చేశాను. హాస్టల్లో నాతో ఉన్న నలుగురి పేర్లూ పెట్టుకున్నాను. ఓ రాత్రి ఒంటిగంటకు వాళ్లలో ఒకడు పోయాడు. మనసు ఆగక పొద్దున్నే ఫోన్ చేశాను.

“నిన్న రాత్రి నువ్వు సచ్చిపోయినావప్పా.”

“యాడ?”

“తలుపు దగ్గర.”

“నన్ను ముందర యాల పంపితివి?”

నా దగ్గర జవాబు లేదు. వాడు కర్నూలులో బ్యాంకు ఉద్యోగి, ఎక్స్‌కామ్ అంటే ఏంటో కూడా తెలీదు. అయినా అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. నిజానికి వాణ్ని ముందుకు పంపడానికి కారణమేమీ లేదు, టర్న్‌లో చివరి అడుగు మిగిలిపోయింది కదా అని వాడేశాను. మంచి కష్టమైన గేమ్ అంటే నా లెక్కలో ఇదే. ఓడిపోయినప్పుడు ఎక్కడ ఓడిపోయామో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించగలిగితే మళ్లీ ఆడబుద్ధవుతుంది. చూపించలేకపోతే అది కష్టమైన గేమ్ కాదు, చెడ్డ గేమ్. అలాంటివీ బోలెడున్నాయి.

అందుకే మీకు ఒకే ఒక్క సలహా. టర్న్‌లో చివరి సైనికుడితో ఇంకా చూడని చోటికి అడుగు వేయకండి. శత్రువులు గుంపులుగా తిరుగుతుంటారు, మిమ్మల్ని చూడగానే వాళ్లకు గోడల చాటుకు పరిగెత్తే అవకాశం ఉచితంగా దొరుకుతుంది. మీ దగ్గర అడుగులు అయిపోయాక ఆ గుంపు లేచిందంటే తర్వాతి టర్న్ మొత్తం వాళ్లదే. కొత్త చోటు చూడాలంటే మొదటి సైనికుడితో చూడండి, మిగతావాళ్లకు పని మిగిలి ఉంటుంది. ఏమీ కనబడకపోతే అందరినీ ఓవర్‌వాచ్‌లో పెట్టేయండి, కదిలినవాడిపై వాళ్లే కాలుస్తారు.

ఈ శాతాల జూదమే నచ్చలేదంటే 2018లో వచ్చిన ఇంటు ది బ్రీచ్ చూడండి. ఎనిమిది బై ఎనిమిది గడుల చిన్న పలక, మీవి మూడు యంత్రాలు. శత్రువు తర్వాత ఎవరిని కొట్టబోతున్నాడో గేమే ముందుగా చూపించేస్తుంది. గురి తప్పడం అనేదే లేదు. అయినా చెమటలు పట్టిస్తుంది, తప్పు తోయడానికి అదృష్టం కూడా దొరకదు మరి. ఇంకో దారి 2005 నాటి స్వాట్ 4. అందులో పోలీసు బృందాన్ని నడిపించాలి. ముందు ‘ఆయుధం కింద పడేయ్’ అని అరవాలి, అరవకుండా కాలిస్తే మార్కులు కోస్తారు. ఎలైట్ స్థాయిలో 100కి 95 రాకపోతే మిషన్ పాసైనట్టు కాదు. తుపాకీ గేములో తుపాకీ పేల్చకుండా ఉండటమే కష్టమైన పని. ఆ ఆలోచన నాకు భలే నచ్చింది. బొమ్మలు మాత్రం పాతబడ్డాయి.

ప్రశ్న: ఇంటెల్ ఐ3 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు లేదు. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకు 2 జీబీ. ఇలాంటి గేములు ఆడగలనా?
డిగ్రీ విద్యార్థి, ఆదోని

జవాబు: ఎక్స్‌కామ్ 2 మీకు వద్దు. అది 45 జీబీ అడుగుతుంది. మీ రోజు కోటాతో డౌన్‌లోడ్‌కే 23 రోజులు పడుతుంది, ఆ 23 రోజులూ ఇంట్లో ఎవరూ రీల్స్ చూడకూడదు. పడ్డాక కూడా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఈడ్చుకుంటూ నడుస్తుంది. దాని ముందు భాగం, 2012లో వచ్చిన ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్ మీ మెషీన్‌కు సరిపోతుంది, సైజులో సగం కన్నా తక్కువ. ఇంకా తేలిక కావాలంటే ఈ వంశానికి మూలపురుషుడు, 1994 నాటి యూఎఫ్ఓ: ఎనిమీ అన్‌నోన్ ఉంది. ఏ డొక్కు మెషీన్‌లోనైనా నడుస్తుంది. కొత్తవాళ్లను మాత్రం కనికరం లేకుండా చంపుతుంది. 1998 నాటి కమాండోస్ కూడా అంతే తేలిక. ఆరుగురు మనుషులు, ఒక్కొక్కరికి ఒక్కో విద్య, గోడ మూల తిరిగే గార్డు చూపు ఎటుందో లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొంటే డౌన్‌లోడ్‌ను మధ్యలో ఆపి మర్నాడు మళ్లీ కొనసాగించవచ్చు. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలకు మించకపోతే డబ్బు వాపసు అడగవచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుందో లేదో ఆ రెండు గంటల్లో తేలిపోతుంది. ఇంకోటి, సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్యను, 30కి కట్టేయండి. టర్న్ వారీ గేముల్లో దానివల్ల పోయేదేమీ లేదు, ఆదోని ఎండకు మీ ల్యాప్‌టాప్ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పరుపు మీద పెట్టి మాత్రం ఆడకండి, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. రాత్రిళ్లు హెడ్‌సెట్ పెట్టుకుని బీజీఎంఐ ఆడుతూ ‘రివైవ్ చెయ్‌రా, వెనక ఉన్నాడు’ అని అరుస్తుంటాడు. అన్నానికి పిలిస్తే రాడు. ఫోన్ లాక్కుంటే రెండు రోజులు మాట్లాడడు. టెన్షన్‌గా ఉంది. ఇది నిషేధించిన గేమే కదా?
ఒక తండ్రి, కర్నూలు

జవాబు: నిషేధించింది పబ్జీ మొబైల్‌ను, 2020 సెప్టెంబరులో. మన దేశం కోసం దాన్నే కొన్ని మార్పులతో 2021లో బీజీఎంఐగా తెచ్చారు. 2022 జులైలో దీన్నీ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. అప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. మీవాడు ఖాతాలో వయసు ఎంతని ఇచ్చాడో ఓసారి చూడండి, ముప్పై ఏళ్ల మనిషిగా ఆడుతుండొచ్చు.

అన్నం సంగతి. బీజీఎంఐలో నలుగురు ఒక జట్టు, మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపే వీల్లేదు. మీరు పిలిచినప్పుడు లేచొస్తే వాడు ముగ్గురు స్నేహితులను నడి మైదానంలో వదిలేసి వచ్చినట్టు. ఆ ముగ్గురూ మర్నాడు స్కూల్లో కనిపిస్తారు. వాడి మొండితనంలో సగం గేమ్ మీద ప్రేమ కాదు, జట్టు ముందు తలవంపులవుతుందన్న భయం. అందుకని ‘ఇప్పుడే రా’ అనకుండా ‘ఈ మ్యాచ్ అయ్యాక ఇంకోటి మొదలుపెట్టొద్దు’ అనండి. చాలా ఇళ్లలో గొడవ అక్కడితో తగ్గడం చూశాను. పడుకునే వేళకు గంట ముందు ఫోన్ ఆపడం విషయంలో మాత్రం మెత్తబడకండి. దానికి గూగుల్ ఫ్యామిలీ లింక్ పనికొస్తుంది, మీ ఫోన్ నుంచే సమయం కట్టేయవచ్చు.

డబ్బు విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. గేములో బట్టలు, తుపాకీ రంగులు అమ్ముతారు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, యూపీఐ పిన్ చెప్పకండి. డబ్బులు పెట్టి ఆడే యాప్‌లు వేరే సంగతి, వాటిని 2025లో కేంద్రం చట్టం తెచ్చి నిషేధించింది. ‘గెలిస్తే డబ్బులొస్తాయి నాన్నా’ అనే మాట వినబడితే అప్పుడు ఫోన్ లాక్కోండి.

ప్రశ్న: మా జట్టులో నేనొక్కడినే ముందు చనిపోతాను. నేను కాల్చేలోపే ఎదుటివాడు కాల్చేస్తాడు. పింగ్ 140 చూపిస్తోంది. ఫోన్ మార్చాలా?
ధర్మవరం

జవాబు: పింగ్ అంటే మీ ఫోన్ నుంచి గేమ్ సర్వర్‌కు కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో. కాబట్టి ఫోన్ కాదు, కూర్చునే చోటు మార్చండి. వైఫై రూటర్ ఉన్న గదిలోనే కూర్చుని, 5 గిగాహెర్ట్జ్ పేరున్న నెట్‌వర్క్‌కు కలపండి. 2.4 గోడలు దాటుతుంది గానీ పక్కింటివాళ్ల వైఫైలతో కిక్కిరిసి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా ఆ టైములో సినిమా డౌన్‌లోడ్ పెట్టారేమో కూడా అడగండి. అప్పటికీ తగ్గకపోతే తప్పు మీ నెట్ కంపెనీది. అప్పటికీ ముందే చనిపోతుంటే, మొదటి జవాబులో గోడల గురించి రాసింది ఇంకోసారి చదవండి.

ప్రశ్న: గోడల వెనక శత్రువులు కనబడేలా చేసే ఏపీకే (యాప్ ఫైలు) ఒకటి టెలిగ్రామ్‌లో పంపారు. వేసుకోవచ్చా?
తాడిపత్రి

జవాబు: వద్దు. ఖాతా పోతుంది. ఆ ఏపీకే మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగితే బ్యాంకు డబ్బులూ పోవచ్చు.

ప్రశ్న: నా వయసు 44, టీచర్ని. మా పిల్లలు ఆడే గేముల వేగం నా వల్ల కాదు. కానీ చదరంగం ఇష్టం. ఇలాంటి జట్టు గేములు నాలాంటివాళ్లు మొదలుపెట్టగలరా? కంప్యూటర్ లేదు, ఫోనే ఉంది.
కడప

జవాబు: మేడం, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. టర్న్ వారీ గేముల్లో వేళ్ల వేగంతో పనే లేదు. మీ వంతు వచ్చాక గేమ్ కదలకుండా కూర్చుంటుంది. కుక్కర్ దించి, పిల్లల నోటుబుక్కులు దిద్ది వచ్చాక ఎత్తు వేయవచ్చు. ఎక్స్‌కామ్ 2 ఐఫోన్‌కు 2020లో, ఆండ్రాయిడ్‌కు 2021లో వచ్చింది. డబ్బు కట్టి కొనాలి, మధ్యలో ప్రకటనలుండవు. అన్ని ఫోన్లలో నడవదు, స్టోర్ పేజీలో మీ మోడల్ ఉందో లేదో చూశాకే కొనండి.

రూకీ స్థాయిలో మొదలుపెట్టండి. నడుస్తున్న ఆటలోనే స్థాయి మార్చుకోవచ్చు కాబట్టి తేలికనిపిస్తే వెటరన్‌కు వెళ్లండి. ఐరన్‌మ్యాన్ అని ఒక ఆప్షన్ కనిపిస్తుంది. పెడితే ఒకే సేవ్ ఉంటుంది, వేసిన ఎత్తు వెనక్కి తీసుకోవడం కుదరదు. మొదటిసారి దాన్ని ముట్టుకోకండి. సైనికులకు మీ క్లాసు పిల్లల పేర్లు కూడా పెట్టకండి.