తమ్ముడికి చూపించడానికి వచనాలు అడగకండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. చెన్నై పెరుంగుడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది ఒంగోలు దగ్గర పల్లె. నాన్నగారు పాస్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ లేదు. రెండేళ్ల కిందట నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆ ఊళ్లోనే పాస్టరుగా ఉన్న తమ్ముడి దగ్గర ఉంటారు. నేను నెలకు 12,000 పంపుతాను. మా సంఘానికి ఒక మిషన్ సంస్థవాళ్లు వచ్చి మొజాంబిక్‌లో పని గురించి చెప్పినప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. ఉద్యోగం మానేసి కుటుంబంతో వెళ్లాలని ప్రార్థనలో నిశ్చయించుకున్నాను. నా భార్య సరేనంది. పాప ఎనిమిదో తరగతి. క్రిస్మస్‌కి ఊరెళ్లి ఈ మాట చెబితే తమ్ముడు బంధువులందరి ముందు, "నాన్నని పక్కమీద అటూ ఇటూ తిప్పడానికి రానివాడివి, ఆఫ్రికా ఎలా వెళ్తావు అన్నయ్యా? ఇక్కడ చేసేది సేవ కాదా?" అన్నాడు. అప్పటి నుంచి మాటల్లేవు. డబ్బు పంపితే వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడతాడు, అంతే. నిజానికి నాన్న నన్నే దేవుని సేవకు ఇస్తానని నా చిన్నప్పుడు మొక్కుకున్నారు. నేను ఇంజనీరింగ్‌కి వెళ్లిపోవడంతో తమ్ముడు బైబిల్ కాలేజీలో చేరాడు. నా ప్రశ్న ఒకటే. వాక్యం ప్రకారం విదేశాల్లో సేవ గొప్పదా, స్వదేశంలో సేవ గొప్పదా? వచనాలతో సహా రాస్తే తమ్ముడికి చూపిస్తాను. ఈ నెలాఖరులోగా సంస్థకు ఫారం ఇవ్వాలి.

జవాబు: మీరు అడిగిన దానికి జవాబు ముందే చెప్పేస్తాను. రెండూ సేవే. తన సాక్షులు వెళ్లాల్సిన చోట్లుగా యెరూషలేము, యూదయ, సమరయ, భూదిగంతాలు అన్నీ ప్రభువు ఒక్క వాక్యంలోనే చెప్పారు. ఇది ఎక్కువ, అది తక్కువ అని తూచలేదు.

అసలు ఒంగోలు వాళ్లకి ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా? మీ ముత్తాతల కాలంలో ఆ పల్లెలకి వాక్యం ఎలా వచ్చిందో మీ నాన్నగారు ఎన్నో ప్రసంగాల్లో చెప్పే ఉంటారు. అమెరికా నుంచి వచ్చిన క్లౌ దొర 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. ఆయన విదేశీ మిషనరీయే, సందేహం లేదు. కానీ అప్పటికే తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే ఎర్రగుంట్ల పేరయ్య ఆ మాట విని, నమ్మి, తాళ్లకొండపాడు చుట్టుపక్కల తనవాళ్లకు చెబుతున్నాడు. దొర వెళ్లలేని ఇళ్లలోకి పేరయ్య వెళ్లాడు, పేరయ్య దగ్గర లేని వనరులు దొర తెచ్చారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్నవాళ్లకు కూలి పని ఇచ్చారు. మీరు రోజూ ఆఫీసుకి వెళ్తూ చూసే ఆ మురికి కాలువ అదే. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు నీళ్లలో నిలబడి ఇచ్చింది దొర కాదు, మన తెలుగు బోధకులు. ఇందులో స్వదేశ సేవ ఎంత, విదేశ సేవ ఎంత అని ఎవరు విడదీయగలరు?

ఆఫ్రికా కూడా మనకు కొత్త కాదు. 1903లోనే తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్యని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి పంపారు. తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య ఆయన సంఘాలు కట్టారు. ఇటు తిరునల్వేలి ప్రాంతం నుంచి తమిళుడైన అజరయ్య దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, అక్కడే బతికి 1945లో అక్కడే కన్నుమూశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యింది ఆయనే. దేశం దాటకుండానే పరాయి భాషలోకి వెళ్లారు. ఆయన్ని మీరు ఏ లెక్కలో వేస్తారు?

కాబట్టి ఆ ప్రశ్న అక్కడితో వదిలేయండి. వచనాలు మాత్రం రాయను. పాస్టరు ఇంట్లో పెరిగిన మీకు అవి తెలియక కాదు. మీరు అడుగుతున్నది తమ్ముడి నోరు మూయించే వచనం. దేవుని వాక్యాన్ని అన్నదమ్ముల తగాదాలో వాడుకోవడానికి నేను సాయం చేయను.

మీ తమ్ముడు ఆ రోజు రెండు మాటలన్నాడు. మీరు రెండో మాటకు జవాబు వెతుకుతూ చెన్నై నుంచి ఉత్తరం రాశారు. మొదటి మాటను దాటేశారు. అతను మొదట అన్నది ఆఫ్రికా గురించి కాదు, నాన్నని పక్కమీద తిప్పడం గురించి.

ఆ పని ఏమిటో మీరు చేసి చూశారా? పక్షవాతంతో మంచాన పడ్డ మనిషిని రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒంటి మీద పుండ్లు పడతాయి. రాత్రి కూడా. ఆదివారం పొద్దున్నే ప్రసంగం చెప్పాల్సిన మనిషి శనివారం రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడో ఆలోచించండి. స్నానం, బట్టలు, ముద్ద కలిపి నోట్లో పెట్టడం, విసుక్కునే పెద్దాయన్ని ఓర్చుకోవడం. పల్లె సంఘం ఇచ్చే కానుకలతో ఇల్లు నడపడం. వీటిలో సగం మీ మరదలి మీద పడుతుందని నాకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే మన ఇళ్లలో ఎప్పుడూ అలాగే పడుతుంది. మీ ఉత్తరంలో ఆ అమ్మాయి మాటే లేదు.

మీరు డబ్బు పంపుతున్నారు, కాదనను. చాలామంది అది కూడా పంపరు. కానీ మీ తమ్ముడు ఎక్కువ డబ్బు అడగలేదు. "రానివాడివి" అన్నాడు. చెన్నై సెంట్రల్‌లో పినాకిని ఎక్కితే సాయంత్రానికల్లా ఒంగోలులో దిగుతారు. క్రిస్మస్‌కీ, ఎవరిదో పెళ్లికీ తప్ప ఆ రైలు ఎక్కని మనిషి సముద్రం దాటి వెళ్తానంటే, మంచం పక్కన కూర్చున్నవాడికి ఎలా వినిపిస్తుంది? బంధువుల ముందు అనడం అతని తప్పే. పెద్దవాడికి గౌరవం ఉంచి విడిగా అనాల్సింది. అయినా ఆ మాట అబద్ధమని మీరు కూడా ఎక్కడా రాయలేదు.

ఇంకో సంగతి మీరు ఉత్తరం చివర్లో పడేశారు. నాకు అదే అసలు సంగతి అనిపించింది. నాన్న మొక్కుకున్నది మిమ్మల్ని. వెళ్లింది తమ్ముడు. అతనికి బైబిల్ కాలేజీ ఇష్టమా, ఇంకేదైనా చదవాలని ఉండేదా? ఎప్పుడైనా అడిగారా? పెద్దవాడు జారుకుంటే ఆ బరువు రెండోవాడి మీద పడింది. అతను దాన్ని ఇన్నేళ్లు మోశాడు. నాన్న పడిపోతే నాన్నని కూడా మోస్తున్నాడు. ఇప్పుడు 41 ఏళ్లకు మీరు వచ్చి, "దేవుడు నన్ను పిలిచాడు, మొజాంబిక్ వెళ్తున్నాను" అంటున్నారు. ఊళ్లో అందరూ మిషనరీ గారనేది మిమ్మల్నే. సంఘాల్లో మీ ఫొటో పెట్టి ప్రార్థనలు చేస్తారు. నాన్న మొక్కు పెద్ద కొడుకు ద్వారా తీరిందని ఆ ముసలాయన మంచం మీద సంతోషిస్తారు. మరి తమ్ముడు ఏమవుతాడు? ఇన్నేళ్లు అతను చేసింది ఏమవుతుంది?

మీ పిలుపు అబద్ధమని నేను అనను. మీ మనసులో దేవుడు మాట్లాడలేదని చెప్పడానికి నేనెవరిని? కానీ ఆ పిలుపులో నాన్నకు బాకీ తీర్చాలన్న తపన ఎంత ఉందో మీరు ఒంటరిగా కూర్చుని చూసుకోవాలి. ఆ బాకీ మొజాంబిక్‌లో తీరేది కాదు. అది మీ తమ్ముడికి ఉంది.

వచనాలు రాయనన్నాను కదా, అది తమ్ముడికి చూపించడానికి. మీరు చదువుకోవడానికి రెండు చోట్లు చెబుతాను. మార్కు ఏడో అధ్యాయంలో కొర్బాను సంగతి. తల్లిదండ్రులకు దక్కాల్సినది దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవాళ్లని ప్రభువు ఎంత కఠినంగా మందలించారో చూడండి. మత్తయి అయిదులో, అర్పణ తీసుకుని బలిపీఠం దాకా వచ్చాక నీ మీద సహోదరునికి విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నారు. అర్పణ వద్దనలేదు. తిరిగి వచ్చి అర్పించమన్నారు. మీకు మొజాంబిక్ ఆ అర్పణ అనుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆఫీసులో వారం రోజులు సెలవు పెట్టండి. భార్యాబిడ్డలు లేకుండా ఒక్కరే వెళ్లండి, లేకపోతే మీ మరదలికి ఇంకో ముగ్గురికి వంట చేసే పని పడుతుంది. ముందు ఫోన్ చేసి, "వారం నాన్నని నేను చూసుకుంటాను, మీరిద్దరూ పిల్లల్ని తీసుకుని ఎటైనా వెళ్లి రండి" అని చెప్పండి. మరదలు పుట్టింటికి వెళ్లి ఎన్నాళ్లయిందో. తమ్ముడు నమ్మకపోవచ్చు. ఎక్కడికీ వెళ్లకపోవచ్చు కూడా. అయినా రాత్రిళ్లు మంచం పక్కన పడుకునేది మీరే కావాలి. మొజాంబిక్ ఊసు ఆ వారంలో మీ నోటి నుంచి రాకూడదు. అతనే ఎత్తితే వినండి. ఎదురు వాదించవద్దు.

వారం చివర్లో, వచ్చే ముందు, తమ్ముడితో విడిగా కూర్చుని ఒక్క మాట చెప్పండి: "నేను వెళ్లాల్సిన దారిలో నువ్వు వెళ్లావు, నాన్నని నువ్వు చూసుకున్నావు, నేను ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు, క్షమించు." పెద్దవాడు చిన్నవాడిని క్షమించమని అడగడం మన ఇళ్లలో అలవాటు లేదు. పరువు తక్కువ అనుకుంటారు. నా దృష్టిలో అన్నగారి పరువు నిలబడేది అక్కడే.

తర్వాత డబ్బు సంగతి. ఉద్యోగం మానేస్తే ఆ 12,000 ఎక్కడి నుంచి వస్తుంది? మీరు అది రాయలేదు. వెళ్లాలన్న నిర్ణయం నిలిస్తే, నాన్న ఖర్చుకు రెండేళ్లకు సరిపడా మొత్తం ముందే తమ్ముడి పేరు మీద బ్యాంకులో వేయండి. ఒంగోలులో రోజూ కొన్ని గంటలైనా వచ్చి చూసే మనిషిని కుదిర్చి జీతం మీరు కట్టండి. నాన్న ఆఖరి రోజులు వస్తే మొజాంబిక్ నుంచి ఎలా వస్తారు, టికెట్ ఖర్చు సంస్థ ఇస్తుందా మీరు పెట్టుకోవాలా, ఇది కూడా రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇవి భక్తి తక్కువ మాటలు కావు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్నది ప్రభువే.

మీ భార్య సరేనందన్నారు. సంతోషం. కానీ అది ఆవిడ మనస్ఫూర్తిగా అన్నదేనా? ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్ వచ్చారని అందరం గొప్పగా చెప్పుకుంటాం. మొదట రానన్న ఆయన భార్య డొరతీ ఇక్కడికి వచ్చి, బిడ్డను పోగొట్టుకుని, మతి చలించి, 1807లో చనిపోయిన సంగతి ఎవరూ పుల్పిట్ మీద చెప్పరు. మీ ఆవిడ వైపు పెద్దవాళ్ల దగ్గర ఆవిడ్ని నాలుగు రోజులు ఉండనిచ్చి, తిరిగి వచ్చాక అదే ప్రశ్న మళ్లీ అడగండి. పాప చదువు ఏ భాషలో సాగాలి, అక్కడ అధికార భాష పోర్చుగీసు కదా, అది మీరిద్దరూ పాపతో కూర్చుని మాట్లాడాల్సింది. ఎనిమిదో తరగతి పిల్లకి చాలా తెలుసు, అడగకపోతే తనకి కోపం వస్తుంది.

తమ్ముడు ఒప్పుకునేదాకా ఆగాలా అని అడుగుతారు మీరు. బైబిల్లో అంతియొకయ సంఘం ఉపవాసం ఉండి, చేతులుంచి ప్రార్థించి పౌలునీ బర్నబానీ పంపింది. మిమ్మల్ని పంపేవాళ్లలో ఒక పాస్టరు మీ తమ్ముడైతే ఎంత బాగుంటుందో ఊహించుకోండి. దాని కోసం ప్రయత్నించండి. అయితే అతని సరే మీకు తాళం కాకూడదు. మీ వంతు పని నిజంగా చేశాక, నాన్నకు ఏర్పాటు చేశాక, క్షమించమని అడిగాక కూడా అతను మొహం తిప్పుకుంటే, అప్పుడు వెళ్లండి. అప్పుడు ఆ కోపం బరువు అతనిది. ఇప్పుడు వెళితే మాత్రం మీదే.

ఇక ఫారం. ఈ నెలాఖరు గడువు దాటిపోనివ్వండి. ఇంటి విషయాలు చక్కబెట్టుకుని వస్తానని సంస్థవాళ్లకు రాయండి. అందుకు ఒప్పుకోని సంస్థ అయితే, రేపు మీ ఇంట్లో కష్టం వచ్చినప్పుడు కూడా ఒప్పుకోదు, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. ఒంగోలు నుంచి తిరిగి వచ్చాక నాకు మళ్లీ రాయండి. ఈసారి మీ మరదలు ఏమందో కూడా రాయండి.