సైనిక ‘అలవాటు’ తప్పితే శిక్షా?

సందేహం: అమెరికా సైనిక న్యాయం గురించిన ఒక వ్యాసంలో “సైనిక అలవాట్లను ఉల్లంఘిస్తే కోర్టు మార్షల్ చేయవచ్చు” అని చదివాను. అలవాటు తప్పితే శిక్షేమిటి? కస్టమ్‌ను అలవాటు అనవచ్చా, ఆనవాయితీ అంటే నయమా?

సమాధానం: ఇక్కడ అలవాటు అనకూడదండి. అలవాటు ఎవరిది వాళ్లది. పొద్దున్నే కాఫీ తాగడం నా అలవాటు, రేపు మానేస్తే నన్ను అడిగేవాళ్లు లేరు. పక్కన వచ్చే క్రియల్ని చూడండి, తేడా అక్కడే తెలిసిపోతుంది: అలవాటు పడతాం, చేసుకుంటాం, మానుకుంటాం, ఆచారాన్నైతే పాటిస్తాం, తప్పుతాం, మీరతాం. “అలవాటును ఉల్లంఘించడం” అని మనం ఎక్కడా అనం.

అమెరికా కోర్టు మార్షల్ మాన్యువల్‌లో 134వ ఆర్టికల్ (సైనిక క్రమశిక్షణను దెబ్బతీసే పనులకు శిక్ష వేసే నిబంధన) వివరణ కూడా ఇదే చెబుతుంది. తరచూ జరిగినంత మాత్రాన ఏదీ కస్టమ్ కాదు, ఎంతోకాలంగా అందరూ పాటిస్తూ రాగా సైన్యంలో చట్టమంత బలం వచ్చినదే కస్టమ్. అది ఉన్న చట్టానికి విరుద్ధంగా ఉండకూడదు, రాతలోకి ఎక్కని కస్టమ్‌నైతే అందరూ వదిలేస్తే అక్కడితో పోయినట్టే.

ఈ చివరి మాట చదివినప్పుడు నాకూ ఆనవాయితీయే గుర్తొచ్చింది. “వరలక్ష్మీ వ్రతం మాకు ఆనవాయితీ లేదమ్మా, మా అత్తగారి హయాంలోనే ఆగిపోయింది” అంటారు చూడండి, అందులో కట్టుబాటూ ఉంది, ఆగిపోతే పోవడమూ ఉంది. కానీ సంక్రాంతికి పెద్ద సినిమాలు రావడం కూడా ఆనవాయితీయే అని పేపర్లు రాసి రాసి ఆ మాటను పలచన చేశాయి. మామూలు అన్నదీ ఒకప్పుడు ఈ అర్థంలోదే, ఇప్పుడు వినగానే లంచం గుర్తొస్తుంది. మనిషిని జైలుకు పంపే చోట ఇలాంటివి వద్దు.

ఎందుకింత పట్టింపు అంటే, 1974లో హోవర్డ్ లెవీ అనే ఆర్మీ డాక్టర్ కేసులో, 134వ ఆర్టికల్ మరీ అస్పష్టంగా ఉందన్న వాదనను అమెరికా సుప్రీంకోర్టు 5–3తో తోసిపుచ్చింది. పైకి తేలిపోయినట్టు కనిపించే ఆ మాటలకు సైన్యంలోని చిరకాల ఆచారాలు (కస్టమ్స్), వాడుకలే (యూసేజెస్) అర్థాన్నిస్తాయంది. మన ఆర్మీ చట్టం (1950) 63వ సెక్షన్ కూడా అలాంటిదే: చట్టంలో పేరుపెట్టి చెప్పకపోయినా, సైనిక క్రమశిక్షణకు భంగం కలిగించే పని చేస్తే ఏడేళ్ల దాకా జైలు.

కాబట్టి కస్టమ్‌కు ఆచారం, యూసేజ్‌కు వాడుక అనండి. ఆచారం అనగానే మడి, పూజ గుర్తొస్తాయని కొందరికి అభ్యంతరం. ముందు ‘సైనిక’ చేరిస్తే ఆ చిక్కు ఉండదు. ఆ వాక్యం ఇలా ఉండాలి: “సైనిక ఆచారాన్ని ఉల్లంఘిస్తే కోర్టు మార్షల్ చేయవచ్చు.”