డిటెక్టర్‌లో సీఓ 5 పీపీఎమ్మే ఉంటే గోఫ్‌లో నిప్పు లేనట్టేనా?

లేనట్టు కాదు. గోఫ్ అంటే గనిలో బొగ్గు తీసేశాక వదిలేసిన ఖాళీ, సీఓ అంటే కార్బన్ మోనాక్సైడ్, పీపీఎం అంటే గాలిలో పది లక్షల భాగాలకు ఎన్ని భాగాలో చెప్పే లెక్క. మీరు మిర్యాలగూడ వాళ్లమన్నారు కదా, పచ్చి ఆరకముందే వామి వేసిన వరిగడ్డిలో చెయ్యి పెట్టి చూడండి. పైన పొగ ఉండదు, లోపల చెయ్యి కాలుతుంది. గోఫ్‌లో మిగిలిపోయిన బొగ్గుదీ అంతే. సన్నగా దూరే గాలి ఆక్సిజన్ అందిస్తుంది కానీ పుట్టిన వేడిని మోసుకుపోలేదు.

ఒట్టి పీపీఎం మోసం చేస్తుంది. రిటర్న్‌లో, అంటే గని గాలి బయటికి పోయే దారిలో, నిమిషానికి 1,200 ఘనపు మీటర్ల గాలి పోతూ 10 పీపీఎం ఉందంటే, నిమిషానికి 12 లీటర్ల సీఓ వస్తున్నట్టు. గాలిని 2,400కు పెంచితే మీటర్ 5 చూపిస్తుంది, వచ్చేది అదే 12 లీటర్లు. రీడింగు పక్కన గాలి ఎంతో రాయకపోతే ఆ పుస్తకం దండగ.

గ్రాహం నిష్పత్తి నయం, మంచి గాలి కలిసినా పెద్దగా మారదు. నత్రజని శాతాన్ని 0.265తో గుణించి ఆక్సిజన్ శాతం తీసేస్తే, బొగ్గు తినేసిన ఆక్సిజన్ వస్తుంది. సీఓ శాతాన్ని దాంతో భాగించి 100తో గుణించాలి. నత్రజని 80, ఆక్సిజన్ 19.2, సీఓ 0.01 అనుకోండి. 21.2లో 19.2 పోతే 2. నిష్పత్తి 0.5. అక్కడిదాకా మామూలే. 1కి వస్తే లోపల వేడెక్కుతున్నట్టు, 2 అంటే ముదిరినట్టు, 3 దాటితే నిప్పే. కానీ సీమ్‌ను (బొగ్గు పొరను) బట్టి మామూలు అంకె మారుతుంది, కాబట్టి ఒకే చోట వారం వారం ఎటు పోతుందో చూడాలి. తగ్గిన ఆక్సిజన్ 0.3 కూడా లేకపోతే ఆ లెక్క వదిలేయండి, ల్యాబ్‌లో చిన్న తేడాకే అంకె ఎగిరిపోతుంది.

ఎక్కువ తప్పులు శాంపిల్ దగ్గరే. బ్లాస్టింగ్ పొగలోనూ సీఓ ఉంటుంది, అది పోయేదాకా ఆగాలి. బొగ్గు తీసి మూసిన ప్యానెల్ (గని భాగం) అయితే, దాన్ని మూసిన స్టాపింగ్ గోడలోని పైపు నోటి దగ్గర చిటికెడు సుద్దపొడి వదలండి. పొడి లోపలికి పోతోందంటే గోఫ్ గాలి పీలుస్తోంది, సీసాలో పడేది బయటి గాలే. మన దగ్గర మామూలు రోజుల్లో పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటిదాకా బారోమీటర్ (గాలి ఒత్తిడి) దిగుతుంది. గోఫ్ గాలి వదిలేది అప్పుడే, శాంపిల్ అప్పుడు పట్టాలి.

సీఓకు వాసన లేదు. కిరసనాయిలు, తారు వాసన తగిలేసరికి వేడి బాగా ముదిరి ఉంటుంది. అంతకంటే ముందే పైకప్పుకూ ఇనుప దిమ్మెలకూ చెమట పడుతుంది, స్టాపింగ్ పగుళ్ల దగ్గర వెచ్చగా తగులుతుంది. లోపల ఏముందో చూద్దామని ఒక్క ఇటుక కూడా తీయొద్దు, నిప్పుకు కావాల్సిన గాలి మీరే ఇచ్చినట్టవుతుంది.